రాయి తీసేసి తూచే లెక్క

ఎర్రగుంట్లలో పెళ్లి కుదిరిందంటే బంగారానికి ప్రొద్దుటూరు బస్సెక్కాల్సిందే. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమైనా, నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర కూలిపనైనా, చీనీతోట రైతైనా దారి అదే. కొత్త సొమ్ములు కొనడానికి పోయేవాళ్ల చేతిసంచిలో అవ్వల నాటి పాత సొమ్ము ఒకటో రెండో ఉంటాయి, మార్పిడికి. అంగట్లో వాటికి జరిగే మర్యాద అందరికీ తెలిసిందే. ముందు మచ్చు చూస్తారు. తర్వాత పట్టకారుతో రాళ్లు ఊడదీస్తారు, లోపలి లక్క కరిగించేస్తారు, మిగిలిన బంగారాన్ని తూచి, తరుగు పోను ఇంత అని చెబుతారు. అమ్మిననాడు రాళ్లకు విడిగా డబ్బు కట్టించుకున్న అంగడే, తిరిగి తీసుకునేనాడు వాటిని కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెడుతుంది. వ్యాపారమంటే అంతే గనక ఎవరూ తగాదాకు దిగరు.

అదే తక్కెడ మీద పద్దెనిమిది, పందొమ్మిది వందల ఏళ్ల నాటి రోమన్ ఉంగరం ఒకటి పెట్టారనుకుందాం. చుట్టు బంగారానిది. మధ్యలో చిటికెనవేలి గోరంత కార్నీలియన్, నారింజ కలిసిన ఎర్రరాయి. వెలుతురుకు ఎత్తి చూస్తే ఆ రాయి లోపలికి తొలిచిన బొమ్మ కనిపిస్తుంది: ఒక చేతిలో డబ్బు సంచి, రెండో చేతిలో పాములు చుట్టుకున్న దండం, నెత్తిన రెక్కల టోపీ. వర్తకులను కాచే దేవుడు మెర్క్యురీ. ఆ ఉంగరం ఎవరిదో, ఏ రేవులో దిగి ఏ దారిన వచ్చిందో, ఎవరు ఏ కాగితం మీద దాంతో ముద్ర వేశారో అంతా ఆ గోరంత రాతిలోనే ఉంది. అంగట్లో రాయి పొట్లంలోకి పోతుంది, బంగారం మూసలోకి పోతుంది.

ఈ లెక్క ఒక్క బజారుదే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. మన ప్రభుత్వ చట్టం లెక్క కూడా దాదాపు ఇదే.

భూమిలో దొరికే నిధులకు మన దగ్గర ఇప్పటికీ వర్తించేది 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం. పది రూపాయల కన్నా ఎక్కువ విలువైనది ఏది దొరికినా, దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది రాసిచ్చి, సొత్తును ఖజానాలో జమ చేయాలి లేదా హామీ ఇవ్వాలి. హక్కుదారులెవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి మూడొంతులు, భూమి యజమానికి ఒక వంతు. చెప్పకుండా దాచితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. ఇంతవరకు సబబుగానే ఉంది. తంటా అంతా పదహారో సెక్షన్‌తో. నిధిని ప్రభుత్వమే ఉంచుకోదలిస్తే ఎంత చెల్లించాలో అక్కడుంది: ఆ వస్తువులో ఉన్న పదార్థం విలువ, దాని మీద అయిదో వంతు. అంటే బంగారం ధర, మీద ఇరవై శాతం. చెక్కిన చెయ్యికి, గడిచిన కాలానికి, దొరికిన చోటుకు ఇచ్చేదంతా ఆ ఇరవై శాతమే. బంగారం లేకుండా ఒక్క రాయే దొరికిందనుకోండి, ముడి కార్నీలియన్ ఖరీదెంత? తిరునాళ్లలో పూసల దండ కొన్నంత. మెర్క్యురీ దేవుడి గౌరవార్థం దానికి అయిదో వంతు కలుపుతారు.

కలెక్టరాఫీసు మెట్లెక్కే రైతుకు చట్టం చెబుతున్న మాట ఇది. ప్రొద్దుటూరు అంగడి అయినా అదే రోజు డబ్బిస్తుంది.

రోమనులు ఈ రాళ్లను ఎందుకంత నెత్తిన పెట్టుకున్నారో కొంత చెప్పుకోవాలి. వాళ్లకు ఉంగరం సొగసు కన్నా ముందు సంతకం. ఉత్తరం రాసి దారం చుట్టి మైనం పోసి, దాని మీద ఉంగరం ఒత్తితే అది ఫలానావాడి మాట. అందుకే బొమ్మను రాయి లోపలికి, కుడిఎడమలు తారుమారుగా తొలిచేవాళ్లు; మైనం మీద అది సరిగ్గా లేచి నిలబడుతుంది. అగస్టస్ చక్రవర్తి మొదట సింహం ఒళ్లూ మనిషి తలా ఉన్న స్ఫింక్స్ ముద్ర వాడాడనీ, తర్వాత అలెగ్జాండర్ తలకు మారాడనీ, చివరికి డయాస్కురిడీస్ అనే పనివాడు చెక్కిన తన సొంత ముఖాన్నే ముద్రగా పెట్టుకున్నాడనీ రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఆయన కొలువులోని మిసీనస్ ముద్ర కప్ప. ఆ కప్ప ముద్ర కనిపిస్తే పన్ను వసూలు కబురొచ్చిందని జనం వణికేవారట. ఈ సంగతి చెప్పినవాడు ప్లినీ. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు చనిపోయిన ఈ పెద్దమనిషి, తన మహాగ్రంథంలో చివరిదైన ముప్ఫై ఏడో సంపుటాన్ని మొత్తం రాళ్లకే కేటాయించాడు. జూలియస్ సీజర్ ఇలాంటి రాళ్ల పెట్టెలు ఆరు వీనస్ దేవత గుడికి సమర్పించాడని కూడా అందులోనే ఉంది.

రాళ్ల మీద సగానికి సగం దేవుళ్లే. సైనికుడికి మార్స్, సౌందర్యం కోరేవాళ్లకు వీనస్, పెద్దపీట జూపిటర్‌ది, అదృష్టం కావాల్సినవాళ్లకు ఒక చేత పళ్లూ పూలూ పొంగిపొర్లే కొమ్ము, రెండో చేత పడవ చుక్కాని పట్టుకున్న ఫార్ట్యూనా. ఈజిప్టు నుంచి వలస వచ్చిన సెరాపిస్, ఐసిస్ కూడా వీళ్ల మధ్య సర్దుకున్నారు. దేవుణ్ణి వేలికి పెట్టుకున్నాక వచ్చే ధర్మసందేహాలు అక్కడా తప్పలేదు. తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలంలో అగస్టస్ బొమ్మ ఉన్న ఉంగరంతో పాయిఖానాకు పోయినా నేరమైందని సూటోనియస్ వెక్కిరిస్తాడు. దేవుడి ఉంగరం కుడిచేతికా ఎడమచేతికా, ఆదివారం కోడికూర పూట తీసి గూట్లో పెట్టాలా అన్న చర్చ నడవని ఇల్లు రాయలసీమలో తక్కువ గనక, మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. క్రైస్తవం వచ్చిన కొత్తలో అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్ తన వాళ్లకు ఏకంగా జాబితా ఇచ్చాడు: పావురం, చేప, ఓడ, లంగరు పెట్టుకోండి, విగ్రహాల ముఖాలు వద్దు.

ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో ఒక క్రికెట్ క్లబ్బు స్థలంలో రోమన్ల స్నానశాల బయటపడింది. దాని కాలువల్లో ముప్ఫైకి పైగా చెక్కుడు రాళ్లు దొరికాయని 2023లో ప్రకటించారు. వేడినీళ్ల ఆవిరికి జిగురు మెత్తబడి, స్నానానికొచ్చినవాళ్ల ఉంగరాల్లోంచి రాళ్లు జారి, నీళ్లతో పాటు కొట్టుకుపోయాయి. పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ల నాటి పోగొట్టుకున్నవాళ్ల గోడు ఇవాళ మనకు తెలిసిందంటే కారణం ఒక్కటే. ఆ రాళ్లు కాలువలోనే, కాలువలో ఉన్నట్టుగానే దొరికాయి. అవే రాళ్లు ఏ వేలంపాటలోనో ముఖమల్ గుడ్డ మీద కనిపించి ఉంటే అందమైన ముప్ఫై రాళ్లుగానే మిగిలేవి.

రోమ్ ఎక్కడ, ఎర్రగుంట్ల ఎక్కడ అని అడిగేవాళ్లుంటారు. దూరం నిజమే. కానీ ఆ బొమ్మలు చెక్కిన పనిముట్టు మన దిక్కుదే.

కార్నీలియన్, ఓనిక్స్, అమెథిస్టు మెత్తటి రాళ్లు కావు. ఉలితో కొడితే చిట్లుతాయి. వింటి తాడుతో తిప్పే సన్నటి బరమా, దాని కొనకు నూనె కలిపిన గట్టిరాయి పొడి పెట్టి, అరగదీస్తూ పోవాలి. ఇక అన్నిటికీ లొంగని చోట ఏం చేసేవాళ్లో ప్లినీ చెప్పాడు: వజ్రం పగిలినప్పుడు వచ్చే కంటికి ఆనని తునకలను చెక్కేవాళ్లు వెతికి తెచ్చుకుంటారు, ఇనుప మొనకు పొదుగుతారు, అప్పుడు ఎంత గట్టి రాయినైనా సులువుగా తొలుస్తారు. ఆ కాలంలో వజ్రమంటే ఇండియా నుంచి వెళ్లిందే. బ్రెజిల్ వజ్రాలు లోకానికి తెలిసింది పద్దెనిమిదో శతాబ్దంలో. ఇండియాలో వజ్రాలకు ఎన్నదగ్గ ప్రాంతాలు మూడు: పన్నా, మహానది పరీవాహకం, మన కృష్ణా-పెన్నా నడుమ నేల. కడప పక్కన పెన్న ఒడ్డు చెన్నూరు, బనగానపల్లె, రామళ్లకోట, వజ్రకరూరు ఆ మూడో దాంట్లోవి. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం ఇప్పటికీ వంగి నడుస్తుంటారు, మెరిసే రాయి కోసం. ఆ జొన్నగిరినే అశోకుడి నాటి సువర్ణగిరిగా చాలామంది చరిత్రకారులు గుర్తించారు. పక్కనే ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలున్నాయి.

ఎర్రగుంట్లలో ఈ పనిముట్టును చూడాలంటే మ్యూజియానికి పోనక్కర్లేదు. నాపరాయి కోసే మిషను దగ్గర నిలబడితే చాలు. గుండ్రటి బ్లేడు అంచున అతికించిన పళ్లలో ఉండేది వజ్రప్పొడే. ఇప్పుడది ఫ్యాక్టరీలో పుట్టిన వజ్రం, పక్కన నూనెకు బదులు నీళ్లు పారుతుంటాయి. ఇనుముకు వజ్రాన్ని తొడిగి రాయిని కోయడమన్న సూత్రం మాత్రం ప్లినీ రాసిందే. రోజంతా బూడిదరంగు బురదలో తడిసే ఆ మిషను పనివాడికి రోమన్ ఉంగరాన్ని చూపిస్తే, చరిత్ర ప్రొఫెసర్ కన్నా ముందు అతను అడిగే ప్రశ్న ఖాయం: ఇంత చిన్నదాన్ని ఎట్లా పట్టుకుని కోసినారు?

తెలుగు నేలకు ఈ నగలతో ఉన్న చుట్టరికం ఊహ కాదనడానికి ఇంకా గట్టి సాక్ష్యం తెలంగాణలో ఉంది. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట అనే ఊరు. అక్కడి గుట్ట చుట్టూ ముదురెరుపు గార్నెట్ రాళ్లు దొరుకుతాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడు, రోమన్ల కాలపు వర్తకానికి పేరుపడ్డ రేవు. 1937 ప్రాంతంలో అక్కడ అగస్టస్ తలగా భావించిన బొమ్మతో ఒక చెక్కుడు రాయి దొరికిందని ఫ్రెంచి పండితుడు జూవో-దుబ్రుయ్ చెప్పాడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వి ఆ ఊరిని ప్రపంచపటం మీద పెట్టాడు. అక్కడ గార్నెట్ పూసలు కుప్పలుగా తయారయ్యేవి. ఆ గార్నెట్లు ఎక్కడివి? జర్మనీ, ఫ్రాన్స్, ఇండియా పరిశోధకులు కలిసి రాయి రసాయన కూర్పును, లోపల ఇరుక్కున్న ఇతర ఖనిజాల సూదులను పోల్చిచూశారు. అవి గరీబ్‌పేట రాళ్లేనని 2017లో జర్నల్ ఆఫ్ జెమ్మాలజీలో ప్రచురించారు. తెలంగాణ గుట్ట మీది ఎర్రరాయి దాదాపు నాలుగు వందల మైళ్లు దాటి తమిళ తీరంలో పూసయింది.

ఆ పని ఎట్లా కుదిరిందో గమనించాలి. అరికమేడు రాయి అరికమేడులో దొరికిందని రాసి ఉంది కాబట్టి. గరీబ్‌పేట రాయి గరీబ్‌పేటలో ఏరిందే కాబట్టి. రెంటిలో ఏ ఒక్కదాని చిరునామా చెరిగిపోయినా ప్రయోగశాలలో ఎంత ఖరీదైన యంత్రం పెట్టినా చెప్పగలిగింది ఏమీ లేదు. కేరళలోని పట్టణం అనే ఊళ్లో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో ఫార్ట్యూనా దేవత, దూకుతున్న సింహం చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. వాటిలో బంగారం రవ్వంత లేదు. అయినా ప్రాచీన ముజిరిస్ రేవు ఎక్కడన్న వాదనలో వాటి మాట చెల్లింది. ఎందుకంటే అవి ఏ గుంటలో, ఏ పొరలో, ఏ కుండపెంకుల పక్కన ఉన్నాయో కాగితం మీద ఉంది.

ఇక మన నేల సంగతి. రోమన్ బంగారం ఇక్కడికి ముఖ్యంగా నాణేల రూపంలో వచ్చింది. ఇండియా సరుకుల కోసం ఏటా అయిదు కోట్ల సెస్టర్సుల సొమ్ము పోతోందని ప్లినీ ఏడ్చిన ఏడుపులో కొంత నిజముందని మన చేలే సాక్ష్యం. వినుకొండలో 1889లో, నంద్యాల దగ్గర 1930లలో రోమన్ బంగారు నాణేల నిధులు దొరికాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెండివి 1,500కు పైగా. కడప జిల్లా అత్తిరాల పేరు కూడా పాత జాబితాల్లో ఉంది. ఇక్కడ ఆసక్తికరమైన విషయం, దక్షిణాదిన దొరికిన ఇలాంటి బంగారు నాణేల్లో కొన్నింటికి రంధ్రాలుండడం. చక్రవర్తి తలకు సరిగ్గా పైన, పక్కపక్కనే రెండు. దండకు గుచ్చితే ముఖం తలకిందులు కాకుండా, పక్కకు తిరగకుండా నిలబడాలని. మరికొన్నింటికి కొక్కేలు అతికారు. మెడలో రోమన్ చక్రవర్తిని వేసుకున్న ఆమెకు ఆయనెవరో తెలిసి ఉండదు, తెలియాల్సిన పనీ లేదు. బంగారు బిళ్ల మీద గౌరవంగా ఉన్న ఒక ముఖం, అంతే. బంగారంతో చేయించుకునే తాహతు లేనివాళ్ల కోసం అదే నమూనాను మట్టితో అచ్చుపోసి, కొక్కెం పెట్టి కాల్చిన బిళ్లలు కూడా మన శాతవాహనుల ఊళ్లలో దొరికాయి. రోల్డ్‌గోల్డ్ వ్యాపారం ఎంత పాతదో!

కాసులపేరు మోజు మనకు ఆ నాణేలతోనే మొదలైందని చెప్పడం అతి. కానీ నాణేన్ని నగ చేసుకునే అలవాటు ఈ నేలలో శతాబ్దాల తరబడి ఎండిపోలేదన్నది నిజం. విజయనగర రాజులు వరహాల మీద ఉమామహేశ్వరులను, బాలకృష్ణుణ్ణి, వేంకటేశ్వరుణ్ణి ముద్రించారు. అవి బజారు నుంచి మెడలోకి, మెడ నుంచి పూజగదిలోకి వెళ్లాయి. తర్వాత లక్ష్మీ కాసులొచ్చాయి. ప్రొద్దుటూరులో ఇవాళా అమ్ముడయ్యే కాసులపేరుకు ఇది దగ్గరి చరిత్ర.

ఎన్ని వరహాలు, ఎన్ని రోమన్ నాణేలు కరిగిపోయి ఆ కాసుల్లో కలిశాయో లెక్క కట్టగలిగేవాళ్లు లేరు. నాగలికి తగిలిన బిందె, ఉపాధి హామీ కూలీల గడ్డపారకు తగిలిన పిడత, పాత ఇంటి పునాదిలో బయటపడ్డ డబ్బా. వీటి గురించి ఊళ్లో గుసగుసలే తప్ప కాగితాలు పుట్టవు. పోలీసులకు తెలిసేది పంచుకునే దగ్గర తగాదా వచ్చినప్పుడే. దొరికినవాడు దొంగ కాదు. చెబితే మొత్తం పోతుంది, పైగా స్టేషను చుట్టూ తిప్పుతారు అన్న భయం అతనిది. చట్టంలో మూడొంతుల వాటా తనకే రాసి ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా, పదార్థం విలువా అయిదో వంతూ అన్న లెక్క విన్నాక అతను కలెక్టరాఫీసు కన్నా కరిగించేవాడినే నమ్ముతాడు.

ఈ మౌనం పక్కనే ఇంకో రభస ఉంది: గుప్తనిధుల వేట. పూజలు, ముగ్గులు, నిమ్మకాయలు, జేసీబీలు. రాయలసీమలో నంది బొమ్మ చెక్కుచెదరకుండా ఉన్న పాడుబడ్డ గుడిని వెతుక్కోవాల్సి వస్తోంది. నంది పొట్టలో వజ్రాలుంటాయన్న పిచ్చినమ్మకానికి ఎన్ని శిల్పాలు ముక్కలయ్యాయో జిల్లా పేపర్లు తిరగేస్తే తెలుస్తుంది. ఈ పిచ్చి చదువులేనివాళ్లదే అనుకుంటే పొరపాటు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందన్న నమ్మకంతో సాక్షాత్తూ అధికారుల సమక్షంలో యంత్రాలు పెట్టి తవ్వారు. ఊరివాళ్లు అడ్డుపడ్డారు, ప్రతిపక్షాలు తిట్టాయి, టీవీ కెమెరాలు కాపలా కాశాయి. ఎముకలు బయటపడ్డాయి, బంగారం మాత్రం పడలేదు. పురావస్తు తవ్వకమైతే ఆ ఎముకలే వార్త అయ్యేవి. నిధి తవ్వకం గనక అవి నిరాశగా మిగిలాయి. తూకం తప్ప మరో విలువ తెలియని చూపు సర్కారు నెత్తికెక్కితే కోటకు పట్టే గతి అది.

మరి బయటి దేశాల్లో అంతా బాగుందా? ఒకచోట బాగుంది, ఒకచోట సిగ్గుచేటుగా ఉంది. రెండూ ఇంగ్లండులోనే.

బాగున్నది వాళ్ల 1996 నాటి ట్రెజర్ చట్టం. దొరికినదాన్ని మ్యూజియం తీసుకుంటే, బజారులో ఎంత పలుకుతుందో నిపుణుల కమిటీ లెక్కకట్టి, ఆ మొత్తాన్ని దొరికినవాడికీ భూమి యజమానికీ ఇస్తారు. 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో మెటల్ డిటెక్టరుతో ఒకతనికి ఆంగ్లో-శాక్సన్ల కాలపు బంగారం, గార్నెట్లు పొదిగిన కత్తిపిడి తునకలు దొరికితే, 32 లక్షల 85 వేల పౌండ్లుగా విలువ తేల్చి అతనికీ రైతుకూ పంచారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ కింద, నిధి నిర్వచనంలోకి రాని పాత గుండీ అయినా, తుప్పు పట్టిన కొక్కెమైనా జిల్లాలోని అధికారికి చూపించి, ఫోటో తీయించి, దొరికిన చోటు రాయించి, వస్తువును ఇంటికి తీసుకుపోవచ్చు. అలా నమోదైనవి 15 లక్షలకు పైగా. వస్తువు ఎవరిదైనా కానీ, కబురు మాత్రం దేశానిది అన్న ఒప్పందం అది.

సిగ్గుచేటైనది బ్రిటిష్ మ్యూజియంలో జరిగింది. గ్రీకు, రోమన్ సేకరణలోని చెక్కుడు రాళ్లు, బంగారు నగలు ఏళ్ల తరబడి మాయమవుతూ వచ్చాయి. వాటిలో చాలా వరకు రిజిస్టరుకే ఎక్కలేదు. ఫోటో లేదు, తూకం లేదు. అవి ఇంటర్నెట్‌లో చవగ్గా అమ్ముడవుతున్నాయని 2021లో ఒక డానిష్ వ్యాపారి హెచ్చరించినా పెద్దలు కొట్టిపారేశారు. 2023లో గుట్టు రట్టయి డైరెక్టరే దిగిపోవాల్సి వచ్చింది. విచారణలో తేలిన లెక్క చూడండి: సుమారు 1,500 వస్తువులు లేవు, మరో 350 దాకా వస్తువుల నుంచి భాగాలు ఊడదీశారు, ముఖ్యంగా రాళ్ల చుట్టూ ఉన్న బంగారాన్ని. తుక్కు ధరకు అమ్ముకోవడానికి! లోకంలోకెల్లా పేరున్న మ్యూజియంలో, రెండు వేల ఏళ్ల దేవుళ్ల బొమ్మలకు ప్రొద్దుటూరు మార్పిడి పద్ధతే వర్తించింది. తేడా ఒక్కటే, ఇక్కడ మనం ఒప్పుకుని ఇస్తాం. 600కు పైగా తిరిగొచ్చాయని 2024లో చెప్పుకున్నారు. రిజిస్టరులో లేని రాయి తమదేనని నిరూపించుకోవడానికి ఆ మ్యూజియం తలప్రాణం తోకకొచ్చింది.

ఈ రెండు కథల నుంచీ మనం తీసుకోవాల్సింది ఉంది. కడపలో 1982 నుంచి భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. గ్రామ సచివాలయంలో సర్వే పని తెలిసిన ఉద్యోగి ఉన్నాడు; పొలం గట్టు తగాదాకు అక్షాంశ రేఖాంశాలు తీసే పరికరం అతనికి తెలుసు. పొలంలో ఏదైనా దొరికితే రైతు ముందు అతన్ని పిలిచేలా, అతను కదిలించకుండా ఫోటో తీసి, చోటు గుర్తించి, ఆ రోజే మ్యూజియానికి పంపేలా ఏర్పాటు చేయడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. రసీదు ఇవ్వాలి. రసీదు మీద చట్టంలోని మూడొంతుల వాటా సంగతి తెలుగులో, పెద్దక్షరాల్లో ఉండాలి. విలువ కట్టేటప్పుడు కంసాలి ఒక్కడే కాదు, నాణేల సంగతి, చెక్కుడు రాళ్ల సంగతి తెలిసినవాళ్లు కూర్చోవాలి.

బహుమతి పెంచితే గుప్తనిధుల ముఠాలకు రెక్కలొస్తాయన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. దానికి జవాబు షరతుల్లో ఉంది. ఇంగ్లండులో అనుమతి లేని పొలంలో దూరి తవ్వినవాడికి బహుమతి కోసేస్తారు, లేదా అసలివ్వరు. గుడి, కోట, రక్షిత కట్టడం ఛాయల్లో దొరికినదానికి ఇక్కడ పైసా ఇవ్వనవసరం లేదు, కేసు పెట్టాలి. దుక్కి దున్నుతుంటే, నీటికుంట తవ్వుతుంటే, పునాది తీస్తుంటే తగిలినదాన్ని తెచ్చి చూపించినవాడికి మాత్రం బజారు విలువ దక్కాలి. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టినన్నాళ్లు మంచివాడు నోరు విప్పడు, ముఠావాడు ఎలాగూ విప్పడు.

చట్టం కేంద్రానిది, మనమేం చేయగలం అనే సాకు కూడా నిలవదు. కర్ణాటక 1962లోనే తనకంటూ ట్రెజర్ ట్రోవ్ చట్టం చేసుకుంది, కేరళ 1968లో చేసుకుంది. వజ్రాల చేలూ, విజయనగరపు వరహాలూ, రోమన్ నాణేల నిధులూ ఉన్న ఆంధ్రప్రదేశ్ మాత్రం బ్రిటిష్ వైస్రాయ్ లిట్టన్ హయాం నాటి పది రూపాయల హద్దుతోనే కాలం గడుపుతోంది. ముందుగా మార్చాల్సింది ఆ పదహారో సెక్షన్‌నే: "పదార్థం విలువ, దాని మీద అయిదో వంతు" అన్న మాటలు తీసేసి, నిపుణుల కమిటీ తేల్చిన బజారు విలువ అని రాయాలి. చెల్లింపుకు గడువు పెట్టాలి. నోటీసులకే నాలుగు నుంచి ఆరు నెలలు పట్టే ఇప్పటి పద్ధతిలో కనీసం మూడో వంతు అడ్వాన్సుగా రైతు చేతికి అందాలి. బంగారం అసలే లేని రాళ్లకు, మట్టిబిళ్లలకు, రాగి నాణేలకు విడిగా ఒక ఖాతా ఉండాలి. కలెక్టరుకు రాసిచ్చే ఆ నోటీసు తెలుగులో ఒక పేజీ ఫారంగా ప్రతి సచివాలయంలోనూ దొరకాలి, అందులో దొరికిన చోటు పటం గీయడానికి సగం పేజీ వదలాలి.